మన మందు మూగజీవికి మందు కాకపోవచ్చు: పెంపుడు జంతువులపై పాఠకుల ప్రశ్నలు, పశువైద్యుడి సమాధానాలు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే పొరపాటును ఆనుకుని ఉన్నాయి. మన ఒంటికి పడిన మందు, మనం ఓర్చుకోగలిగిన ఎండ, మనకు తోచిన లెక్క ఇంట్లోని పిల్లికీ కుక్కకీ కూడా సరిపోతాయని అనుకోవడమే ఆ పొరపాటు. అవన్నీ ప్రేమతో చేసిన పనులే కనుక రాసినవారిలో ఎవరినీ నేను తప్పుపట్టడం లేదు. అయితే వాటిలో కొన్ని ప్రాణం మీదికి వచ్చాయి కాబట్టి, కారణాలు కూడా వివరంగా చెప్పడం అవసరమనిపించింది.

ప్రశ్న: మా పిల్లికి రెండేళ్లు. మూడు కిలోల బరువు ఉంటుంది. ఒళ్లు వేడిగా అనిపించి, పాలు కూడా ముట్టకపోయేసరికి, మా మనవడికి జ్వరానికి వాడే పారాసిటమాల్ సిరప్ అర చెంచా పట్టించాను. సాయంత్రానికి దాని ముఖం వాచిపోయి, ఎగశ్వాస మొదలైంది. వైద్యుడి దగ్గరికి తీసుకువెళితే మూడు రోజులు తమ దగ్గరే ఉంచుకుని బతికించారు. పసిపిల్లలకు ఇచ్చే మందు పిల్లికి విషం ఎలా అయింది? మళ్లీ జ్వరం వస్తే ఇంట్లో ఏమి ఇవ్వాలి?
(ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: అమ్మా, మీరు అదే సాయంత్రం బయలుదేరారు కాబట్టి మీ పిల్లి బతికింది. తెల్లవారేదాకా చూద్దామని అనుకుని ఉంటే బహుశా దక్కేది కాదు.

పారాసిటమాల్‌ను మన కాలేయం గ్లూకురోనిక్ ఆమ్లం అనే పదార్థంతో జతచేసి, విషగుణం లేకుండా చేసి మూత్రంలోకి పంపించివేస్తుంది. పిల్లి కాలేయంలో ఆ పని చేసే ఎంజైము దాదాపు లేనట్టే. బయటికి పోవలసిన మందు లోపలే నిలిచి, విషపదార్థంగా మారి, ఎర్ర రక్తకణాలలోని హిమోగ్లోబిన్‌ను పాడుచేస్తుంది. అలా పాడైన హిమోగ్లోబిన్ ప్రాణవాయువును మోయలేదు. అందుకే చిగుళ్లు గులాబీ రంగు పోయి గోధుమరంగులోకో, నీలంలోకో తిరుగుతాయి, ముఖమూ పాదాలూ వాస్తాయి, పిల్లి నోరు తెరిచి ఊపిరి పీలుస్తుంది. ఈ లక్షణాలు చాలాసార్లు 4 నుంచి 12 గంటల లోపే కనిపిస్తాయి. పిల్లల సిరప్ 5 మిల్లీలీటర్లలో 250 మిల్లీగ్రాముల మందు ఉండే రకం అయితే, మీరు పట్టించిన అర చెంచాలో 125 మిల్లీగ్రాములు ఉన్నట్టు. మూడు కిలోల పిల్లికి అది ప్రమాదకరమైన మోతాదే. పెద్దల 500, 650 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి మింగితే ఎదిగిన పిల్లి కూడా చనిపోవచ్చు. పిల్లికి పారాసిటమాల్ విషయంలో నిరపాయమైన మోతాదు అనేదే లేదని గుర్తుంచుకోండి.

దీనికి విరుగుడుగా ఎన్-అసిటైల్ సిస్టీన్ అనే మందు ఉంది. మనుషుల మందుల దుకాణాలలో కూడా దొరుకుతుంది. అయితే దానిని ఎంత, ఎన్ని గంటలకు ఒకసారి ఇవ్వాలో వైద్యుడే నిర్ణయించాలి. మీరు చేయవలసిందల్లా ఆలస్యం చేయకుండా, ఏ మందు, ఎంత, ఏ గంటకు ఇచ్చారో దాచకుండా చెప్పి, సీసానో మాత్రల పట్టీనో వెంట తీసుకువెళ్లడం. కోప్పడతారని భయపడి "ఏమీ ఇవ్వలేదండీ" అన్నవారిని నేను చూశాను. ఆ ఒక్క మాట వల్ల విలువైన గంటలు వృథా అవుతాయి. వాంతి చేయించాలని ఉప్పునీళ్లు పట్టించకండి. ఒంట్లో ఉప్పు ఎక్కువై అదొక కొత్త ప్రమాదం అవుతుంది.

ఇక జ్వరం సంగతి. పిల్లికైనా కుక్కకైనా ఆరోగ్యంగా ఉన్నప్పుడే శరీర ఉష్ణోగ్రత సుమారు 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. మన 98.6తో అలవాటుపడిన చేతికి ఏ పిల్లిని ముట్టుకున్నా వేడిగానే తగులుతుంది. ముక్కు పొడిగా ఉందనో, చెవులు వెచ్చగా ఉన్నాయనో జ్వరమని తేల్చలేము. ఒక డిజిటల్ థర్మామీటరును వాటికోసం విడిగా ఉంచుకుని, కొనకు కొబ్బరినూనె రాసి, మలద్వారంలో మెల్లగా పెట్టి చూస్తేనే సరైన లెక్క తెలుస్తుంది. 103 దాటితే వైద్యుడికి చూపించండి, అంతేకాని ఇంట్లో మందు ఏదీ ఇవ్వకండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు కుక్కలలో కూడా కడుపులో పుండ్లు చేసి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసినది పిల్లి తిండి మానేయడం. మనం ఒక పూట లంఖణం పరమౌషధమనుకుంటాము. పిల్లికి అది వర్తించదు. రెండు మూడు రోజులు ఏమీ తినకపోతే ఒంట్లోని కొవ్వు కరిగి కాలేయంలో పేరుకుపోయి, అదే ఒక జబ్బుగా మారుతుంది. బొద్దుగా ఉన్న పిల్లులకు ఈ ముప్పు మరీ ఎక్కువ. ఒక రోజంతా పిల్లి గిన్నె ముట్టలేదంటే, జ్వరం ఉన్నా లేకపోయినా, ఆసుపత్రికి తీసుకువెళ్లడానికి ఆ కారణం ఒక్కటి చాలు.

ప్రశ్న: వీధిలో దొరికిన కుక్కపిల్లను పది రోజుల కిందట ఇంటికి తెచ్చాము. దానికి రెండున్నర నెలలు ఉంటాయి, టీకాలేవీ వేయించలేదు. నిన్న ఆడుకుంటూ మా ఏడేళ్ల బాబు చేతిని కొరికింది. చర్మం గీరుకుని కాస్త రక్తం వచ్చింది. మా అత్తగారు కారం, సున్నం కలిపి పెట్టారు. పాలపళ్ల పిల్లకు రేబిస్ ఉండదని, బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిపించి పసివాడిని హింసించవద్దని బంధువులు అంటున్నారు. ఏమి చేయమంటారు?
(ఒక పాఠకుడు, అనంతపురం)

జవాబు: మీ ఉత్తరం అందిన రోజునే ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లమని చెప్పాను. టీకా మొదలుపెట్టారని తెలిసి మనసు కుదుటపడింది. ఇదే పరిస్థితిలో మరో ఇల్లు ఉండవచ్చు కనుక ఇక్కడ మళ్లీ రాస్తున్నాను.

రేబిస్ లక్షణాలు మొదలైన తరువాత మనిషిని కాపాడే వైద్యం దాదాపు లేదు, లక్షణాలు మొదలుకాకముందు సరిగ్గా టీకా వేయిస్తే ఆ జబ్బు దాదాపు రాదు. ఇంత తేడా ఉన్న చోట "చూద్దాంలే" అనే మాటకు తావు ఉండకూడదు. పాలపళ్ల పిల్లకు రేబిస్ రాదన్నది నిజం కాదు. వెర్రెత్తిన కుక్క కరిచి ఉంటే నెలల పిల్లకు కూడా వస్తుంది. మీకు దొరకకముందు దానికి వీధిలో ఏమి జరిగిందో చెప్పగలిగేవారు లేరు.

కరిచిన వెంటనే చేయవలసిన మొదటి పని, ధారగా పడే కుళాయి నీటి కింద, సబ్బు పెట్టి, గడియారం చూసుకుంటూ 15 నిమిషాలు గాయాన్ని కడగడం. రేబిస్ వైరస్‌కు కొవ్వుతో కూడిన పైపొర ఉంటుంది, సబ్బు ఆ పొరను చీల్చి వైరస్‌ను నిర్వీర్యం చేస్తుంది. కారం, సున్నం, పసుపు, కాఫీపొడి, ఆకు పసరు వంటివి గాయాన్ని రేపి, వైరస్‌ను నరాల దాకా తోస్తాయే తప్ప చంపవు. పెద్దావిడ మనసు కష్టపెట్టకుండానే, ఈ ఒక్క విషయం ఇంట్లో అందరికీ చెప్పండి. కట్టు గట్టిగా కట్టకూడదు, వీలైనంతవరకు కుట్లు వేయించకూడదు.

రక్తం వచ్చిన గాయం మూడో తరగతి గాయం కిందికి వస్తుంది. దానికి టీకాతో పాటు గాయం చుట్టూ రేబిస్ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేయాలి. టీకా పనిచేయడం మొదలయ్యేదాకా గాయం దగ్గరే వైరస్‌ను అడ్డుకునేది అదే. మొదటి రోజున కుదరకపోతే, టీకా మొదలుపెట్టిన 7 రోజుల లోపు వేయించవచ్చు. ఇక ఆ పద్నాలుగు సూదులు పాత తరం టీకావి, అవి ఎప్పుడో పోయాయి. ఇప్పుడు కండరానికి వేసే పద్ధతిలో 0 (మొదటి సూది వేసిన రోజు), 3, 7, 14, 28 రోజులలో, చర్మంలోకి వేసే పద్ధతిలో 0, 3, 7, 28 రోజులలో వేస్తారు. భుజానికే వేస్తారు, మరీ చిన్న పిల్లలకు తొడకు వేస్తారు, పిరుదుకు వేయకూడదు. ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ టీకా ఉచితం. మధ్యలో గాయం మానిందని మానేయకండి.

కుక్కపిల్లను ఏమి చేయాలన్నది మీ తరువాతి చింత. దానిని వదిలేయకండి, కొట్టి తరమకండి. కళ్లముందు ఉంచుకుని 10 రోజులు గమనించండి. రేబిస్ ఉన్న కుక్క లాలాజలంలోకి వైరస్ లక్షణాలకు కొద్ది రోజుల ముందు నుంచే వస్తుంది కాబట్టి, కరిచిన తరువాత పది రోజులు అది ఆరోగ్యంగా తిరుగుతూ ఉంటే, కరిచిన రోజున దాని లాలాజలంలో వైరస్ లేదని అర్థం. ఆ సంగతి వైద్యుడికి చెబితే మిగిలిన మోతాదుల గురించి ఆయన నిర్ణయిస్తారు. అంతేకాని, పది రోజులు చూసి ఆపైన టీకా మొదలుపెడదామని మాత్రం ఆగకూడదు. పది రోజులు గడిచి, పిల్లకు మూడు నెలలు నిండగానే దానికి రేబిస్ టీకా వేయించి, వైద్యుడు చెప్పిన గడువులో రెండో మోతాదు, ఆ తరువాత ఏటా ఒకటి వేయించండి. జూలై 6న మన రెండు రాష్ట్రాల పశువైద్యశాలలలో పెంపుడు కుక్కలకు ఈ టీకా ఉచితంగా వేసే శిబిరాలు పెడుతుంటారు. 1885లో లూయీ పాశ్చర్ తొలిసారి ఒక తొమ్మిదేళ్ల బాలుడికి రేబిస్ టీకా వేసిన రోజు అదే.

ప్రశ్న: నలభై రోజుల లాబ్రడార్ పిల్లను కొన్నాము. అమ్మినవారు ఒక టీకా వేయించామని కార్డు ఇచ్చారు. రెండు వారాలకే వాంతులు, రక్తవిరేచనాలు పట్టుకుని నాలుగు రోజులలో చనిపోయింది. పార్వో అన్నారు. టీకా వేసినా ఎందుకు వచ్చింది? పిల్లలు మళ్లీ ఒక కుక్కపిల్ల కావాలని ఏడుస్తున్నారు. ఇల్లంతా ఫినాయిల్‌తో కడిగించాము. ఇప్పుడు తెచ్చుకోవచ్చా?
(ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: ఇప్పుడే తేవద్దు. పార్వో వైరస్ చాలా మొండిది. ఎండ పడని నేలలో నెలల తరబడి, కొన్నిసార్లు ఏడాది దాకా బతికి ఉంటుంది. రేబిస్ వైరస్‌కు ఉన్న కొవ్వు పొర దీనికి లేదు కాబట్టి సబ్బుకూ ఫినాయిల్‌కూ లొంగదు. పైగా పిల్లులున్న ఇంట్లో ఫినాయిల్ వాటికే హాని చేస్తుంది. దీనికి పనికివచ్చేది సోడియం హైపోక్లోరైట్ ద్రావణం. బట్టలను తెల్లబరచడానికి అమ్మే 5 శాతం ద్రావణం ఒక పాలుకు 30 పాళ్ల నీళ్లు కలిపి, ముందు నేలను మలమూత్రాలు లేకుండా శుభ్రంగా కడిగి, ఆ తరువాత దీనిని పోసి, పది నిమిషాలు తడిగా ఉంచాలి. మురికి ఉన్న చోట పోస్తే దాని శక్తి మురికితోనే ఖర్చయిపోతుంది. ఆమ్లంతోనూ, ఇతర క్లీనర్లతోనూ కలపకండి, విషవాయువు వస్తుంది. మట్టి పెరడును ఇలా శుద్ధి చేయడం సాధ్యం కాదు కనుక, ఎండ బాగా తగలనిచ్చి, ఆ చోటును ఎక్కువకాలం వదిలేయడమే మార్గం. చనిపోయిన పిల్ల పడుకున్న గుడ్డలు, గిన్నె, గొలుసు కొత్త పిల్లకు వాడవద్దు.

టీకా ఎందుకు ఆపలేదన్నదానికి సమాధానం తల్లిపాలలో ఉంది. పుట్టిన తొలి గంటలలో తాగిన జున్నుపాల ద్వారా పిల్లకు తల్లి నుంచి రక్షక ప్రతిదేహాలు (యాంటీబాడీలు) వస్తాయి. అవి ఉన్నంతకాలం జబ్బునూ అడ్డుకుంటాయి, టీకాను కూడా పనిచేయనివ్వవు. అవి ఎప్పుడు తరిగిపోతాయో పిల్లపిల్లకూ తేడా ఉంటుంది. ఒకదానికి ఆరు వారాలకు, మరొకదానికి పద్నాలుగు వారాలకు. అందువల్లే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకు ఒకటి చొప్పున, 16 వారాలు నిండేదాకా వేస్తూ వెళ్తాము. ఏడాదికి మరొకటి. ఆ వరుసలోని చివరి మోతాదు పడేదాకా పిల్ల టీకా వేసుకున్నట్టు కాదు. మధ్య కాలంలో దానిని వీధిలో, పార్కులో, ఇతర కుక్కలు మలవిసర్జన చేసే చోట దింపకూడదు. మనం కూడా బయట తొక్కిన చెప్పులు గడప అవతలే విడవాలి.

అమ్మినవారి కార్డు గురించి కూడా ఒక మాట. టీకా సీసాను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ చల్లదనంలో ఉంచకపోతే అందులో మిగిలేది నీరే. సీసా మీది చీటీ అంటించి, వైద్యుడి సంతకం, తేదీ ఉన్న కార్డును మాత్రమే నమ్మండి. ఎనిమిది వారాల లోపు కుక్కపిల్లను అమ్మరాదని 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నిబంధనలు చెబుతున్నాయి. నలభై రోజుల పిల్లను తల్లి నుంచి వేరుచేసి, ప్రయాణపు ఒత్తిడిలో, టీకా నిలదొక్కుకోకముందే మీ చేతికి ఇవ్వడమే ఈ నష్టానికి సగం కారణం. మళ్లీ తెచ్చుకునేటప్పుడు కనీసం నాలుగు నెలలు నిండి, టీకాలన్నీ పూర్తయిన కుక్కను ఎంచుకోండి. మన వీధులలో పెరిగిన నాటు కుక్కలలో అటువంటివి దత్తతకు చాలా దొరుకుతాయి. అవి మన వాతావరణానికి అలవాటుపడినవి కూడా.

ప్రశ్న: మా అమ్మాయికి మూడో నెల. పుట్టింటికి వచ్చింది. ఇంట్లో ఆరేళ్లుగా పెరుగుతున్న పిల్లి ఉంది. పిల్లి వెంట్రుకల వల్ల గర్భం పోతుందని, దానిని దూరంగా వదిలి రమ్మని వియ్యాలవారు పట్టుబడుతున్నారు. అమ్మాయి ఏడుస్తోంది. పిల్లిని పంపించక తప్పదా?
(ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం)

జవాబు: తప్పనిసరి కాదు. వియ్యాలవారి భయానికి మూలంగా నిజమైన జబ్బు ఒకటి ఉంది, దాని పేరు టాక్సోప్లాస్మోసిస్. గర్భిణికి మొదటిసారిగా సోకితే బిడ్డకు హాని చేయగలదు. అయితే అది వెంట్రుకల ద్వారా రాదు. ఎలుకలను, పచ్చి మాంసాన్ని తిన్న పిల్లి పేగులలో ఆ పరాన్నజీవి పెరిగి, మలంలో గుడ్ల వంటి రూపంలో బయటికి వస్తుంది. సాధారణంగా పిల్లి జీవితంలో మొదటిసారి సోకినప్పుడు మాత్రమే, అదీ కొద్ది వారాలపాటే, ఇలా విసర్జిస్తుంది. బయటికి వచ్చిన వెంటనే అవి అంటవు, అంటుకునే స్థితికి రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. ఈ ఒక్క సంగతి తెలిస్తే చేయవలసిన పని కూడా తెలుస్తుంది. పిల్లి మలాన్ని రోజూ, మరుసటి రోజుకు మిగలకుండా, అమ్మాయి కాకుండా ఇంట్లో మరొకరు తీసివేసి, ఆ పళ్లెం మీద మరిగిన నీళ్లు పోయాలి.

పిల్లిని రాత్రిళ్లు బయట తిరగనివ్వకండి. ఉడికించిన మాంసం, చేప, లేదా కొన్న పొడి ఆహారం మాత్రమే పెట్టండి. అమ్మాయి మొక్కల కుండీలలో మట్టి పని చేయవలసివస్తే చేతి తొడుగులు వేసుకోవాలి. నిజానికి ఈ జబ్బు మనుషులకు సరిగ్గా ఉడకని మాంసం వల్ల, కడగని ఆకుకూరల వల్ల కూడా వస్తుంది. ఆ జాగ్రత్త పిల్లి లేని ఇంట్లో కూడా తప్పదు. ఇదివరకే సోకి, ఒంట్లో ప్రతిదేహాలు ఉన్నాయో లేవో చెప్పే రక్తపరీక్ష ఉంది, కాన్పులు చూసే వైద్యురాలిని అడగండి. ఆ ఫలితాన్ని వియ్యాలవారికి చూపిస్తే, నా మాటకన్నా అదే ఎక్కువ ధైర్యం ఇస్తుందని నా నమ్మకం. ఆరేళ్లు ఇంట్లో పెరిగిన పిల్లిని తెలియని చోట వదిలితే వారం బతకడం కూడా కష్టం, అది వారికి నెమ్మదిగా చెప్పండి.

ప్రశ్న: మా కుక్కకు గోమార్లు విపరీతంగా పట్టాయి. పత్తి చేనుకు కొట్టే మందును నీళ్లలో కలిపి ఒళ్లంతా పోశాను. గంటకల్లా నోటి నుంచి చొంగ, వణుకు మొదలయ్యాయి. సూదులు వేసి బతికించారు. కాని గోమార్లు మళ్లీ వచ్చాయి. శాశ్వతంగా పోయే ఉపాయం ఏమిటి?
(ఒక రైతు, కర్నూలు జిల్లా)

జవాబు: చేను మందులలో చాలావరకు పురుగుల నరాల మీద పనిచేసేవి, కుక్క నరాలు కూడా వాటికి లోబడతాయి. ఒంటిమీద పోసింది చర్మం గుండా లోపలికి వెళ్లింది, నాకడం వల్ల ఇంకా ఎక్కువ వెళ్లింది. అటువంటిది ఎప్పుడైనా జరిగితే, చేతికి తొడుగులు వేసుకుని, సబ్బుతో నీళ్లు ధారగా పోసి కడిగి, మందు డబ్బాతో సహా ఆసుపత్రికి వెళ్లండి. డబ్బా మీది పేరును బట్టే అట్రోపిన్ వంటి విరుగుడు ఇవ్వాలో లేదో తేలుతుంది.

గోమార్లు మళ్లీ రావడానికి కారణం, మీరు కుక్క మీద ఉన్నవాటినే చూస్తున్నారు. మన ఇళ్లలో కుక్కలకు పట్టే గోధుమరంగు గోమారి తన జీవితంలో ఎక్కువ భాగం కుక్క మీద ఉండదు. రక్తం తాగి రాలిపోయి, గోడ పగుళ్లలో, గడప సందులలో, రాళ్ల కింద దూరి, ఒక్కొక్క ఆడది వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. కాబట్టి కుక్క పడుకునే చోట గోడ పగుళ్లు పూడ్చి, సున్నం వేయించి, దాని గోనెపట్టాలను మరిగే నీళ్లలో ఉతకండి. కుక్కకు వైద్యుడు బరువు చూసి రాసే నమిలే మాత్రలు ఉన్నాయి. కొన్ని నెలకు ఒకటి, కొన్ని మూడు నెలలకు ఒకటి. ఆపకుండా కొన్ని నెలలు ఇస్తేనే ఇంట్లో దాగినవి ఒక్కొక్కటే వచ్చి చస్తాయి. కుక్కల కోసం అమ్మే పెర్మెత్రిన్ మందును పిల్లి ఉన్న ఇంట్లో వాడకండి, పిల్లికి అది ప్రాణాంతకం. అంటుకుని ఉన్న గోమారిని పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిటారుగా లాగాలి. కిరసనాయిలు పోయడం, వేళ్లతో నలపడం మంచిది కాదు.

రాబోయే వారాలలో కుక్క నీరసించినా, జ్వరం వచ్చినా, చిగుళ్లు పాలిపోయినా, ముక్కు నుంచి రక్తం కారినా, మూత్రం కాఫీరంగులో వచ్చినా గోమారి జ్వరం అనుకుని వెంటనే రక్తపరీక్ష చేయించండి. ఎర్లీకియా, బబీసియా అనే రెండు జబ్బులు వీటివల్లే వస్తాయి, రెండింటికీ మందు వేరు. ఎర్లీకియాకు డాక్సీసైక్లిన్‌ను సాధారణంగా 28 రోజులు ఇవ్వాలి. అయిదో రోజుకే కుక్క లేచి తిరుగుతుంది, చాలామంది అక్కడితో ఆపేస్తారు, జబ్బు లోపల దాగి ఆరు నెలలకో ఏడాదికో ఎముక మూలుగను దెబ్బతీస్తూ తిరిగి వస్తుంది. ఆ దశలో చేయగలిగింది చాలా తక్కువ.

ప్రశ్న: మా పంజరంలోని రామచిలుక తన ఈకలు తానే పీక్కుంటోంది. మందు చెప్పగలరా?
(ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: ఒంటరితనం, రెక్క విప్పే చోటు లేకపోవడం, గింజలు తప్ప వేరే తిండి లేకపోవడం దీనికి ముఖ్య కారణాలు. వాటికి మందు లేదు. మన దేశపు రామచిలుకను పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం, నక్షత్ర తాబేలు విషయం కూడా అంతే. తెలియక ఉంచుకున్నవారే ఎక్కువ అని నాకు తెలుసు. అలాగని కిటికీ తెరిచి వదిలేయకండి, పంజరంలో పెరిగిన చిలుక ఆహారం వెతుక్కోలేక కాకులకు చిక్కుతుంది. అటవీశాఖవారికి స్వయంగా అప్పగిస్తే, ఎగరడం నేర్పి వదిలే అవకాశం దానికి ఉంటుంది.

ప్రశ్న: మా పగ్‌కు నాలుగేళ్లు, పద్నాలుగు కిలోలు ఉంది. మే నెలలో సాయంత్రం అయిదింటికి నడకకు తీసుకువెళితే రోడ్డు మీదే కూలిపోయింది. ఈసారి ఎండాకాలం రాకముందే జాగ్రత్తలు చెప్పండి.
(ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: మనకు ఒళ్లంతా చెమట పడుతుంది, కుక్కకు పాదాల అడుగున తప్ప పట్టదు. నాలుక చాచి రొప్పడమే అది ఒంటిని చల్లార్చుకునే దారి. పగ్‌కు ముక్కురంధ్రాలు ఇరుకు, అంగిలి పొడవు, గాలి వెళ్లే దారే చిన్నది, అందువల్ల ఆ దారి కూడా సగం మూసుకున్నట్టే. విజయవాడలో మే నెల సాయంత్రం అయిదింటికి సూర్యుడు వాలినా తారురోడ్డు చల్లబడదు. అరచేతి వెనుక భాగాన్ని రోడ్డుకు ఆనించి ఏడు సెకన్లు ఉంచలేకపోతే, కుక్కను ఆ రోడ్డు మీద నడిపించకండి. ఏప్రిల్ నుంచి జూన్ దాకా నడక తెల్లవారుజామునే, అదీ పది పదిహేను నిమిషాలు. నోరు మూసి కట్టే మూతితొడుగు వాడకండి. ఆపి ఉంచిన కారులో అయిదు నిమిషాలు కూడా వదలకండి.

మళ్లీ కూలిపోతే ముందు చల్లబరిచి, తరువాత బయలుదేరాలి. నీడలోకి చేర్చి, మామూలు కుళాయి నీళ్లు ఒంటిమీద, ముఖ్యంగా కడుపు కింద, తొడల సందులలో ధారగా పోస్తూ, ఫ్యాను గాలి తగలనివ్వండి. తడి తువ్వాలు కప్పి అలాగే వదిలేస్తే లోపలి వేడి బయటికి పోదు. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో నీళ్లు పోయవద్దు. థర్మామీటరు 103 చూపించగానే నీళ్లు పోయడం ఆపి ఆసుపత్రికి తీసుకువెళ్లండి. లేచి తోక ఊపినా తీసుకువెళ్లాలి, ఎందుకంటే మూత్రపిండాల దెబ్బ, రక్తం గడ్డకట్టకపోవడం వంటివి ఒకటి రెండు రోజుల తరువాత బయటపడుతుంటాయి.

మీ కుక్క బరువు నన్ను కలవరపెడుతోంది. పగ్ సాధారణంగా ఎనిమిది కిలోల లోపు ఉండాలి. మెడ చుట్టూ, ఛాతీలో పేరుకున్న కొవ్వు ఆ ఇరుకైన గాలిదారిని ఇంకా నొక్కుతుంది. పెరుగన్నం, బిస్కెట్లు, పూజ ప్రసాదాలు ఎవరెవరు ఎంత పెడుతున్నారో వారం పాటు ఒక కాగితం మీద రాసి చూడండి, మీకే ఆశ్చర్యం కలుగుతుంది. ప్రసాదంలో ఎండుద్రాక్ష, కూరలో ఉల్లి, వెల్లుల్లి ఉంటే బరువు సంగతి అటుంచి, అవి కుక్కకు విషం. అన్నం తగ్గించి, ఉప్పుకారాలు లేకుండా ఉడికించిన కోడిమాంసం, గుమ్మడి, బీన్స్ వైద్యుడు చెప్పిన కొలతలో రెండు పూటలా పెట్టండి. ఒకేసారి తిండి కోసేయకుండా నెలకు అర కిలో చొప్పున తగ్గేలా చూసుకోండి. ఇప్పుడు మొదలుపెడితే ఎండలు ముదిరేనాటికి కిలో రెండు కిలోలు తగ్గినా, దాని ఊపిరిలో తేడా మీకు వినిపిస్తుంది.